ఇరవైలో ఆరు

పోటుకు 36 రోజులు

మొదటి విడత పూర్తయింది. ఇరవై సర్క్యూట్ బోర్డులు చేస్తే ఆరు పనిచేశాయి. మూడుసార్లు పరీక్షించాను. నాలుగోసారి మీటరు చేతిలోకి తీసుకుంటే నామీద నాకే చిరాకేసి పక్కన పెట్టేశాను.

ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టమని, సముద్రపు కట్టను చూసుకునే కట్ట సంఘం ఆజ్ఞ. రేపు ఎవరైనా తప్పు వెతకాలనుకుంటే దారి ఉండాలట. వెతికేది ఎవరో నాకు తెలుసు, నేనే. గట్టుపాలెం బోర్డుల కార్ఖానాలో తనిఖీ పని నాది. పేరు ఎస్తేరు.

పోయిన పద్నాలుగింటినీ రెండు కుప్పలు చేశాను. ఎనిమిదింటిలో రాగి గీతలు తెగిపోయాయి. ఆరింటిలో గీతలు బాగానే ఉన్నాయి గానీ టంకం అంటుకోలేదు. మొదటి కుప్పకు కారణం మధ్యాహ్నానికల్లా దొరికింది. రాగిని కరిగించే తొట్టెను ఎవరో ఎండలో పెట్టారు. వేడెక్కిన ద్రావణం అక్కర్లేని రాగితోపాటు కావలసిన రాగినీ తినేసింది. తొట్టెను నీడకు మార్పించాను. ఎండలో పెట్టిందెవరని అడగలేదు. అడిగితే నా పేరే వస్తుందని అనుమానం.

పోటుకు 35 రోజులు

పొద్దున్నే గంజి తాగుతూ మా ఆయన ఇశ్రాయేలు అడిగాడు.

"ఎన్నొచ్చినయ్యే?"

"ఆరు."

"ముప్పై మూడు కావాలిగా."

"లెక్క నాకు తెలుసులెండి."

గిన్నె కడిగి పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. ముప్పై మూడో పంపు ఆయనది. మా పల్లంవాడలో అన్నింటికంటే లోతున ఉండేది అదే.

సముద్రం మా ఇంటి చూరు కంటే ఎత్తులో ఉంది. కట్ట ఒకటి అడ్డం, పంపులు ముప్పై మూడు. ఊరిన నీటిని అవి తోడి అవతల పోస్తుంటేనే వాడలో పొయ్యి వెలుగుతుంది. పంపు ఎప్పుడు తిరగాలో, దాని తూము తలుపు ఎప్పుడు పడాలో చెప్పే బోర్డులు ఓడలు వచ్చే కాలం నాటివి. ఓడలు ఆగి పందొమ్మిదేళ్ళయింది. ఆ బోర్డులు వారానికొకటి చొప్పున చస్తున్నాయి.

ఆశ్వయుజ పౌర్ణమి పోటు నాటికి ముప్పై మూడింటికీ కొత్త బోర్డులు లేకపోతే వాడకూ మిట్టకూ మధ్య ఉన్న లోపలి గేటు మూసేస్తామని సంఘం తీర్మానం. గేటు మూస్తే వాడను సముద్రానికి వదిలేసినట్టే. తొమ్మిది వందల మందికి మిట్ట మీద గుడారాలు వేస్తారట. టంకం బల్ల దగ్గర కూర్చునే ఎనిమిదిమంది ఆడవాళ్ళూ వాడలోని వాళ్ళే. పని ఎంత బాగా చేయాలో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ రెండో విడత మొదలైంది. గంట కొట్టగానే ఎనిమిదిమందీ కడిగి ఆరబెట్టిన రాగి పలకలు అందుకుని, కళ్ళకద్దుకుని, పనిలోకి దిగారు.

పోటుకు 29 రోజులు

రెండో విడత. ఇరవైలో ఏడు.

గీతలు తెగడం ఎనిమిది నుంచి ఒకటికి దిగింది. టంకం అంటకపోవడం ఆరు నుంచి పన్నెండుకు ఎక్కింది. ఒక తప్పు సరిచేస్తే దాని చాటున దాక్కున్న ఇంకోటి బయటపడింది.

కాగితం మీద పలక బొమ్మ గీసి, ఇప్పటిదాకా టంకం అంటని ప్రతి చోటా చుక్క పెట్టాను. చుక్కలు అటూ ఇటూ చెదరలేదు. పై అంచు దగ్గర కుడివైపు ఒక గుంపు, ఎడమవైపు ఒక గుంపు. మధ్యంతా ఖాళీ. జానెడు పలకను రెండు చేతులతో పట్టుకుంటే బొటనవేళ్ళు ఎక్కడుంటాయో అక్కడే అని నాకు తోచింది. చేతి చెమట. ఎంత తేలిక విషయం, ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదు అని నన్ను నేను తిట్టుకున్నాను.

బల్ల పెద్ద మస్తానమ్మక్కకు చెప్పాను. నాకంటే పదేళ్ళు పెద్దది. టంకం పట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

"నా చేతులే దొరికినయ్యా నీకు?" అంది.

"నీ చేతులని కాదక్కా. అందరి చేతులూ."

"నలభై ఏళ్ళనుంచి ఈ చేతుల్తోనే అన్నం వొండా. ఎవురూ చావలా."

మాట అన్నదే గానీ సాయంత్రానికల్లా పాత చీర కత్తిరించి ఎనిమిది జతల చేతితొడుగులు కుట్టుకొచ్చింది.

పోటుకు 26 రోజులు

కార్ఖానాలో కళ్ళకలక. ఆరుగురికి. నర్సు వచ్చి మందు చుక్కలు వేసి, ఏ వస్తువునూ మొహం దగ్గరికి తీసుకోవద్దని, తీసుకుంటే మిగిలినవాళ్ళకూ అంటుకుంటుందని గట్టిగా చెప్పి వెళ్ళింది. ఎర్రటి కళ్ళు, నెత్తిన తడిగుడ్డ, చేతులకు తొడుగులు. వాళ్ళను చూస్తే బోర్డుల మీద నాకు ఆశ పోయింది. ఈ విడతకు టంకం ఇవాళే మొదలు, రెండు వచ్చినా గొప్పే.

పోటుకు 22 రోజులు

మూడో విడత. ఇరవైలో పదిహేను.

ప్రాణం లేచొచ్చింది. చేతితొడుగుల గురించి కట్ట పెద్ద పాండురంగారావు గారు సంఘంలో మాట్లాడారట. సాయంత్రం ఆయనే కార్ఖానాకు వచ్చి, "తొడుగుల ఆలోచన మీదేనా అమ్మా?" అని అడిగారు. నాదేనన్నాను. వాటిని కుట్టింది మస్తానమ్మక్క అని చెప్పడం ఆయన వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

పోటుకు 15 రోజులు

నాలుగో విడత. ఇరవైలో ఆరు.

అవే తొడుగులు, అవే చేతులు, నీడలో ఉన్న అదే తొట్టె. మళ్ళీ ఆరు.

పైగా ఇవాళ అందరూ పండగ చేసుకుంటున్నారు. ఆరు, ఏడు, పదిహేను, ఆరు కలిపితే ముప్పై నాలుగు. కావలసినవి ముప్పై మూడు. వచ్చినవి వచ్చినట్టే బిగిస్తూ ఉన్నారు కాబట్టి సాయంత్రానికి అన్ని పంపులకూ కొత్త బోర్డులు పడ్డాయి. ఒకటి మిగిలింది కూడా. వాడలో బెల్లం పంచారు. మా ఆయన నాకోసం ఒక ముక్క జేబులో దాచి తెచ్చాడు.

"ఇంకా ఆ మొకమేందే?" అన్నాడు.

"పదిహేను ఎందుకొచ్చాయో తెలీదు. ఆరుకి ఎందుకు పడ్డాయో తెలీదు."

"కావల్సినయ్యి వొచ్చినయ్యిగా."

అందరూ ఇదే మాట. దొరికాక ఇంక కారణం దేనికని. నాకు కావాలి. ఎందుకు పోయాయో తెలియనప్పుడు, బాగున్నవి ఎందుకు బాగున్నాయో కూడా తెలియనట్టే కదా. బెల్లం తినబుద్ధి కాలేదు.

పోటుకు 13 రోజులు

పని లేకపోయినా పొద్దున్నే వెళ్ళి హాజరు పుస్తకం ముందేసుకున్నాను. ఏ బోర్డుకు ఎవరు టంకం పట్టారో అందులో ఉంటుంది. మూడో విడతలో కళ్ళకలక వచ్చిన ఆరుగురూ పదిహేను బోర్డులు చేశారు. పదమూడు బాగున్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరూ ఐదు చేశారు. రెండే బాగున్నాయి.

కళ్ళు సరిగా కనపడనివాళ్ళు బాగా చేశారు. కనపడేవాళ్ళు పాడుచేశారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానేమో అని చూసుకున్నాను.

అప్పుడే పక్కగదిలో మస్తానమ్మక్క చేయి ఊరికే ఉండక, పాడైపోయిన పలకనొకదాన్ని అందుకుంది. కొత్తగా చేరిన అమ్మాయికి టంకం నేర్పాలట. కూర్చుంది. పలకను రెండు చేతులతో ఎత్తి, పై అంచును రెండు కళ్ళకూ అద్దుకుంది. తర్వాత టంకం కడ్డీ చేతిలోకి తీసుకుంది.

చుక్కల కాగితం నా ముందే ఉంది. కుడివైపు ఒక గుంపు, ఎడమవైపు ఒక గుంపు. అవి బొటనవేళ్ళు కావు. కళ్ళు.

నర్సు మాట విని మూడో విడత అయ్యేదాకా ఆ ఆరుగురూ పలకలు మొహం దగ్గరికి తీసుకోలేదు. కళ్ళు బాగుపడగానే మళ్ళీ అద్దుకోవడం మొదలుపెట్టారు. చెమట, కాటుక, తలకు రాసిన నూనె, కంటి తడి. ఇవన్నీ కడిగి ఆరబెట్టిన రాగి మీద చేరుతుంటే టంకం ఎలా అంటుకుంటుంది?

దీన్ని మొదలుపెట్టింది ఎవరో కూడా రాయాలి. ఈ రాగి మునిగిపోయిన ఇళ్ళ గోడల్లోంచి ఈతగాళ్ళు లాగి తెచ్చిన కరెంటు తీగ. ప్రతి పలకలోనూ ఎవరిదో ఒక ఇల్లుంది. మొట్టమొదటి పలక చేతికొచ్చిన రోజు నాకు ఏడుపొచ్చింది. దాన్ని కళ్ళకద్దుకుని మస్తానమ్మక్క చేతిలో పెట్టాను. ఆమె కూడా అద్దుకుంది. ఆ తర్వాత ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పోటుకు 12 రోజులు

మిగిలిన ఒక్క బోర్డు నా దగ్గర ఉంది. నాలుగో విడతది, పాసైనది, నా సంతకం ఉన్నది. దాన్ని కరెంటుకు తగిలించి, మరిగే నీళ్ళ గిన్నె మీద వేలాడదీశాను. పంపు గదిలో గాలి ఇంతకంటే పొడిగా ఏమీ ఉండదు.

పొద్దున ఎనిమిదింటికి పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి బోర్డు మీది దీపం ఆరిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే, కళ్ళు తగిలే రెండు చోట్లా గీతకూ గీతకూ మధ్య ఆకుపచ్చటి నూగు. చెమటలోని ఉప్పుకి తేమ తగిలి రాగి పాకుతోంది. మొదట మీటరు బాగుందనే చెప్పింది. మీటరుకి ఉప్పు కనపడదు.

అంటే పోయినవి పోయాయి, వాటితో భయం లేదు. భయమంతా పాసైనవాటితోనే. పంపుల్లో ఉన్న ముప్పై మూడింటిలో, కళ్ళకలక వచ్చినవాళ్ళు చేసిన పదమూడు తప్ప మిగిలిన ఇరవయ్యీ కళ్ళకద్దుకున్నవే. పోటు రోజున గదులన్నీ తడితో నిండుతాయి. బోర్డు మధ్యలో చస్తే పంపు ఆగడంతో సరిపోదు. తూము తలుపు తెరుచుకుని ఉండిపోతుంది. సముద్రం లోపలికొస్తుంది.

గిన్నె దించి, చచ్చిన బోర్డును గుడ్డలో చుట్టి పెట్టాను.

పోటుకు 11 రోజులు

సంఘానికి వెళ్ళాను. చచ్చిన బోర్డును బల్లమీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

పాండురంగారావు గారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఇరవై బోర్డులు బయటికి లాగమంటారా?"

"లాగాలండి."

"బోర్డుకొక చిప్ కావాలి కదా, ఎన్ని ఉన్నాయి?"

"ఇంకొక్క విడతకే. ఇరవై. పాడైనవాటివి ఊడదీయడానికి రోజులు చాలవు."

"ఇంతవరకూ ఇరవైలో పదిహేను దాటలేదు మీరు. ఇప్పుడు ఇరవైకి ఇరవై వస్తాయా?"

వస్తాయని చెప్పలేకపోయాను. ప్రయత్నిస్తామన్నాను. ఎన్ని తక్కువైతే అన్ని తూములు ముందే బిగించేయాలని, ఆ పంపుల్ని మనుషులు చేత్తో తిప్పాల్సి ఉంటుందని, మూడుకు మించి తక్కువైతే గేటు మూస్తామని ఆయన చెప్పారు. గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త తేలికగా ఉండేది.

అక్కడినుంచి కార్ఖానాకు వచ్చి ఎనిమిదిమందికీ చెప్పాను. మస్తానమ్మక్క అడిగింది.

"అద్దుకున్నాక కడిగితే పోదా?"

"ఇంకోసారి కడగాలంటే ఉప్పులేని నీళ్ళు కావాలక్కా. పలకకి రెండు లీటర్లు. తాగడానికే రోజుకు మూడిస్తున్నారు."

"అది చచ్చినోళ్ళ ఇళ్ళల్లో రాగి, ఎస్తేరూ. మా అమ్మ ఇల్లు కూడా ఉంది అందులో. దణ్ణం పెట్టకుండా దాని మీద నిప్పు పెట్టమంటావా?"

"అవును."

"నీకెట్టా వొచ్చిందే ఆ మాట?"

"రాలేదక్కా. తెచ్చుకున్నాను."

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఇవాళ బల్ల దగ్గర ఏడుగురే మిగిలారు.

పోటుకు 10 రోజులు

మస్తానమ్మక్క వచ్చింది. మొహానికి కళ్ళు మాత్రం కనపడేలా గుడ్డ కట్టుకుంది, తొడుగులు వేసుకుంది, పలక అందుకుంది. రెండు చేతులూ అలవాటుగా పైకి లేచాయి. గడ్డం దాకా వచ్చి ఆగాయి. పక్కనున్న అమ్మాయి ఆ చేతుల్ని మెల్లగా పట్టుకుని బల్లమీదికి దించింది.

ఈ విడతంతా నేను వాళ్ళ పని చూడలేదు. వాళ్ళ మోచేతులనే చూస్తూ కూర్చున్నాను.

పోటుకు 3 రోజులు

పద్దెనిమిది అయ్యాయి. పద్దెనిమిదీ బాగున్నాయి. ఒక్కొక్కటీ ఆరేసి గంటలు ఆవిరి మీద పెట్టాను. ఒక్కదాని దీపమూ ఆరలేదు. సంతోషించడానికి భయంగా ఉంది. తలనొప్పి రెండు రోజులుగా తగ్గడం లేదు.

పోటుకు 2 రోజులు

పందొమ్మిది.

ఇరవయ్యోది మస్తానమ్మక్క చేసింది. పొద్దున పదకొండింటికి తెచ్చి నా చేతికిచ్చింది. మీటరు పెట్టాను. ప్రతి గీతా పలికింది. ఇరవై, అని పైకే అన్నాను.

"అది పనికిరాదు," అందామె.

"బాగుందక్కా. చూడు."

"టంకం పట్టకముందు కన్నీటి బొట్టు పడింది. ఆ రాగి చూత్తంటే అమ్మ గుర్తొచ్చింది. తుడిచేశా. ఎవురూ చూళ్ళేదు. చెప్పకూడదనే చేశా అంతా."

ఆవిరి మీద పెట్టి చూడవచ్చు. కానీ బిగించేవాళ్ళు మధ్యాహ్నం వస్తారు. రేపటినుంచే పంపు గదులు తడిసిపోతాయి, పెట్టెలు తెరవకూడదు. ఆరు గంటలు లేవు. ఒక్క బొట్టు. తుడిచింది కూడా. ఏమీ కాకపోవచ్చు. ఇదంతా నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె నా చేతిలోంచి బోర్డు తీసుకుని పనికిరానివాటి పెట్టెలో పడేసింది. ఆమె ఇల్లు ముప్పై మూడో పంపుకు నాలుగిళ్ళ అవతల ఉంది. ఆపాలనిపించింది. ఆపనందుకు నన్ను మెచ్చుకోవడానికేమీ లేదు, ఆమె నాకంటే ముందు కదిలింది, అంతే.

పదమూడూ పందొమ్మిదీ ముప్పై రెండు. ఒక్కటి తక్కువ.

ఏ పంపును బోర్డు లేకుండా వదలాలని సంఘం అడిగింది. మా ఆయన చెయ్యెత్తాడు.

"నాదానికి. నేనైతే చేత్తో తిప్పగలను. అలవాటే."

అలవాటేమీ లేదు. ఇంటికొచ్చాక ఆ మాటే అన్నాను. "తెల్సులేవే," అన్నాడు.

పోటు రోజు

పొద్దున తొమ్మిదికి నీళ్ళు కట్ట అంచుకు వచ్చాయి. మా ఆయనతోపాటు ఐదుగురు ముప్పై మూడో పంపు గుంటలోకి దిగారు. తూము బిగించి ఉంది. ఊటనీరు తోడాలి. ఇద్దరిద్దరు వంతులవారీగా చక్రం తిప్పాలి, పోటు దిగేదాకా.

నేను పైన మెట్ల మీద నిలబడ్డాను. మిగిలిన పంపుల చప్పుడు వింటూ లెక్కపెట్టుకున్నాను. ముప్పై రెండు చప్పుళ్ళు విడివిడిగా వినపడవు. అయినా లెక్కపెట్టాను. పదిన్నరకు గుంటలో నీళ్ళు మా ఆయన మోకాలికి వచ్చాయి. పదకొండుకు నడుముకు. "బయటికి రండి," అని నేను అరిచాను. ఆయన తల పైకెత్తలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన చేతుల్లో ఏ ఒక్కటి జారినా ఏమవుతుందో తెలుసు కాబట్టి ఇంక నోరు మూసుకున్నాను.

పన్నెండింటికి నీళ్ళు నడుము దగ్గరే ఆగాయి. పన్నెండున్నరకు తొడ మీదికి దిగాయి. ఒంటిగంటకు పోటు వెనక్కి తిరిగింది. వాడ వీధుల్లో చీలమండ లోతు నీళ్ళు. ముప్పై రెండు బోర్డుల్లో ఒక్కటీ ఆగలేదు.

మా ఆయన్ని నలుగురు పట్టుకుని పైకి తెచ్చారు. చేతుల చర్మం ఊడిపోయింది. గిన్నె పట్టుకోలేడు కాబట్టి అన్నం నేను కలిపి తినిపించాను. తినిపిస్తూ ఏడ్చాను, ఆయన ఎదుటే.

పోటు మర్నాడు

పొద్దున్నే కబురొచ్చింది. పల్లంవాడ వాడంతా పంపు గదుల దగ్గరికి బయల్దేరిందని. పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయలు. మా చర్చి వాళ్ళు కొవ్వొత్తులు. మిట్ట మీదనుంచి సాంబ్రాణి.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ముప్పై రెండో పంపు గది తలుపు అప్పటికే తీసేశారు. ఎవరో బోర్డు పెట్టె మూత కూడా విప్పుతున్నారు. వాళ్ళను తోసుకుంటూ లోపలికి పోయి, పెట్టెకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"ఎవరూ ముట్టుకోవద్దు."

"ఒక్క బొట్టు పెట్టి పోతామమ్మా," అన్నారు వెనకనుంచి.

"బొట్టు వద్దు. పువ్వు వద్దు. ఏదీ తాకకూడదు."

జనం గొణుక్కున్నారు. నాకు పొగరని ఒకరన్నారు. నిన్న నా మొగుడు చేసింది నా గొప్పనుకుంటున్నానని ఇంకొకరు. నేను పక్కకు జరగలేదు. అప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలావిడ, చేతిలో పసుపు గిన్నెతో, దగ్గరికొచ్చింది. ఆమె కొడుకూ కోడలూ, ఐదుగురు మనవలూ వాడలోనే ఉంటారు.

"దీన్ని ముట్టుకోవద్దంటావు. బతికించింది ఇదేగా. మరి దేనికి పెట్టమంటావే దణ్ణం?"

నేను చేతులు దించలేదు.

గుమ్మం దగ్గర మస్తానమ్మక్క నిలబడి ఉంది. ముసలావిడ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది. పసుపు గిన్నె కింద పెట్టి, మస్తానమ్మక్క రెండు చేతులూ అందుకుంది. కడ్డీ కాలిన మచ్చలున్న ఆ వేళ్ళను తన రెండు కళ్ళకూ అద్దుకుంది. మస్తానమ్మక్క చేతులు లాక్కోవాలని చూసింది. ముసలావిడ వదల్లేదు. తర్వాత ఆమె వెనకున్నవాళ్ళు కూడా వరసలోకి వచ్చారు.

గంటసేపు సాగింది. నేను పెట్టె మూత బిగిస్తూ ఆ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. నావల్ల కాలేదు.

చివరి మనిషి కూడా వెళ్ళిపోయాక మస్తానమ్మక్క కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఏదో చెప్పబోయింది.

"చేతులు సబ్బుతో కడుక్కో అక్కా," అన్నాను. "మోచేతుల దాకా. మధ్యాహ్నం రెండింటికి ముప్పై మూడో పంపుకు కొత్త పలక తీస్తున్నాం."